సమర్థత, నిజాయతీ: ఎన్నికల్లో ఇవి ఎవరి సొత్తు?

పన్నులు పెంచాలా, తగ్గించాలా అన్న ప్రశ్న వస్తే పార్టీలు రెండు వైపులా నిలబడతాయి. ప్రభుత్వ సంస్థల అమ్మకం మీద, యుద్ధం మీద కూడా అంతే. ఒకరు అవునంటే మరొకరు కాదంటారు, ఓటరు తనకు నచ్చిన వైపు మొగ్గుతాడు. కానీ అవినీతి ఉండాలని వాదించే పార్టీ ఏ దేశంలోనూ కనపడదు. మాకు పాలన చేతకాదు, అయినా ఓటేయండి అని అడిగే నాయకుడూ ఉండడు. సమర్థత, నిజాయతీ అనే ఈ రెండు విషయాల్లో అన్ని పార్టీలూ ఒకే మాట చెబుతాయి. కాబట్టి ఇక్కడ పోటీ ఒక్కదాని మీదే జరుగుతుంది: ఆ గుణం నిజంగా ఎవరికి ఉంది, ఎవరికి లేదు?

రాజకీయ శాస్త్రంలో ఈ తేడాను స్పష్టంగా చెప్పినవాడు డొనాల్డ్ స్టోక్స్ అనే అమెరికన్ పరిశోధకుడు. అంతకుముందు 1957లో ఆంథొనీ డౌన్స్ ఒక నమూనా ఇచ్చారు. ఎడమ నుంచి కుడికి గీసిన ఒక గీత మీద పార్టీలన్నీ ఎక్కడో ఒకచోట నిలబడతాయని, ఓటరు తనకు దగ్గరగా ఉన్న పార్టీని ఎంచుకుంటాడని దాని సారాంశం. చాలా ఎన్నికలకు ఈ వివరణ సరిపోతుంది. అయితే 1963లో స్టోక్స్ ఒక అభ్యంతరం లేవనెత్తారు. 1952 అమెరికా ఎన్నికల్లో గట్టిగా వినిపించిన అవినీతి అంశాన్ని ఆ గీత మీద ఎక్కడ పెట్టాలి? అందులో రెండు పార్టీలూ, ఓటర్లందరూ ఒకే బిందువు దగ్గర ఉన్నారు కదా. అందుకే విధానాల మీద వైఖరి తేల్చాల్సిన అంశాలు వేరు, అందరూ కోరే మంచినో అందరూ వద్దనే చెడునో ఒక పార్టీ పేరుకు ముడిపెట్టే అంశాలు వేరు అని ఆయన విడదీశారు. ఈ రెండో రకం అంశాల్లో ఓటరు వేసుకునే ప్రశ్న ఎవరు నాకు దగ్గర అని కాదు, ఎవరిని నమ్మొచ్చు అని.

ఆ 1952 ఎన్నికను కాస్త వివరంగా చూడాలి. డెమోక్రాట్లు అప్పటికి 20 ఏళ్లుగా అధ్యక్ష పదవిలో ఉన్నారు. ట్రూమన్ హయాంలో పన్నుల శాఖలో లంచాల వ్యవహారాలు బయటపడ్డాయి, కొరియా యుద్ధం ఎటూ తేలడం లేదు. రిపబ్లికన్లు ఈ రెంటికీ కమ్యూనిజం భయాన్ని జోడించి ప్రచారం నడిపారు. అభ్యర్థి ఐసెన్‌హోవర్ రెండో ప్రపంచ యుద్ధంలో ఐరోపాలో మిత్రరాజ్యాల సేనలను గెలిపించిన సేనాని. గెలిస్తే కొరియాకు స్వయంగా వెళ్తానని అక్టోబరులో ప్రకటించారు. యుద్ధాన్ని ఎలా ముగిస్తారో ఆయన చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ రాలేదు. ఆయన ఎవరన్నదే ఆ హామీకి బలం.

నిజాయతీ వాదన మాత్రం అంత సాఫీగా సాగలేదు. ఉపాధ్యక్ష అభ్యర్థి రిచర్డ్ నిక్సన్ కోసం మద్దతుదారులు దాదాపు 18 వేల డాలర్ల నిధి పోగుచేశారని పత్రికలు బయటపెట్టాయి. అవినీతి మీద యుద్ధం ప్రకటించిన పార్టీకి ఇది గొంతులో వెలక్కాయ. సెప్టెంబరు 23న నిక్సన్ టీవీలో అరగంట మాట్లాడారు. తన అప్పులు, ఇంటి రుణం, కారు, భార్య వేసుకునే మామూలు గుడ్డ కోటు, అన్నీ లెక్కచెప్పారు. ఎవరో బహుమతిగా పంపిన కుక్కపిల్లను మాత్రం పిల్లల కోసం తిరిగి ఇవ్వనన్నారు. ఆ ప్రసంగంలో ఆడిట్ సంస్థ నివేదిక గురించి, న్యాయవాదుల అభిప్రాయం గురించి కూడా చెప్పారు. కానీ జనానికి గుర్తుండిపోయింది కుక్కపిల్ల. మద్దతుగా టెలిగ్రాములు వెల్లువెత్తాయి, టికెట్ నిలబడింది, పార్టీ గెలిచింది. అదే నిక్సన్ 1974లో వాటర్‌గేట్ కుంభకోణంలో అధ్యక్ష పదవికే రాజీనామా చేయాల్సి వచ్చింది. ఆ తర్వాతి ఎన్నికల్లో, అంటే 1976లో, జిమ్మీ కార్టర్ మీకు ఎప్పుడూ అబద్ధం చెప్పనంటూ ప్రచారం చేసి గెలిచారు.

నిజాయతీని నిరూపించే అసలైన సాక్ష్యం ఆడిట్ నివేదికలో ఉంటుంది, ఓటరు మనసును తాకేది మాత్రం ఇంకెక్కడో ఉంటుంది. ప్రచారాలు నడిపేవారికి ఈ సంగతి బాగా తెలుసు. సమర్థత విషయంలోనూ ఇదే జరుగుతుంది, కాకపోతే దాని దారి వేరు.

సమర్థతను ఎలా చూపిస్తారు

అధికారంలో ఉన్న పార్టీకి సమర్థత వాదన సులువు, చేసిన పనులు చూపిస్తే చాలు. ప్రతిపక్షానికి చూపించడానికి పనులుండవు కాబట్టి ఎదుటివారి వైఫల్యాన్ని ఓటరు చేతే చెప్పించాలి. 1980లో రొనాల్డ్ రీగన్ టీవీ చర్చలో ఓటర్లను ఒకే ప్రశ్న అడిగారు: నాలుగేళ్ల కిందటి కంటే ఇప్పుడు మీ పరిస్థితి మెరుగ్గా ఉందా? ధరలు మండిపోతున్న రోజులవి. తాను ఏం చేస్తారో వివరించకుండానే ఎదుటివారు ఏం చేయలేకపోయారో జనమే లెక్కేసుకునేలా చేశారు. ఆ తర్వాత ఎన్నో దేశాల్లో ప్రతిపక్షాలు ఇదే ప్రశ్నను తమ మాటల్లో అడుగుతూ వస్తున్నాయి.

సమర్థత పేరు తెచ్చుకోవడానికి ఏళ్లు పడుతుంది, పోవడానికి ఒక్క రోజు చాలు. బ్రిటన్‌లో ఆ రోజు 1992 సెప్టెంబరు 16. ఐరోపా దేశాల కరెన్సీల విలువలను పెద్దగా మారకుండా ఉంచే ఉమ్మడి మారక విధానంలో పౌండు విలువను నిలబెట్టడానికి ప్రభుత్వం వడ్డీ రేటును ఉదయం 10 నుంచి 12 శాతానికి పెంచింది, మధ్యాహ్నం 15 శాతం చేస్తామంది, సాయంత్రానికి చేతులెత్తేసి ఆ విధానం నుంచే బయటికి వచ్చింది. ఆర్థిక వ్యవహారాలు మాకే బాగా తెలుసని దశాబ్దాలుగా చెప్పుకున్న కన్సర్వేటివ్ పార్టీ ఆధిక్యం సర్వేల్లో కూలిపోయింది. విచిత్రం ఏమిటంటే ఆ తర్వాత బ్రిటన్ ఆర్థిక వ్యవస్థ కోలుకుంది, 1997 ఎన్నికల నాటికి బాగానే నడుస్తోంది. అయినా పార్టీకి పాత పేరు తిరిగి రాలేదు. లేబర్‌కు 418 సీట్లు వచ్చాయి, కన్సర్వేటివ్‌లు 165 దగ్గర ఆగిపోయారు. ఓటరు సమర్థతను గణాంకాల పట్టికలా ఏడాదికేడాది చదవడు. ఎక్కడో ఒకచోట తీర్పు ఇచ్చేస్తాడు, ఆ తర్వాత వచ్చే వార్తలన్నిటినీ ఆ తీర్పు నుంచే చూస్తాడు.

ఆ ఎన్నికల్లో లేబర్ చేసిన పని కూడా గమనించాలి. 18 ఏళ్లుగా అధికారం లేని పార్టీ సమర్థతను ఎలా చూపిస్తుంది? జేబులో పట్టే చిన్న కార్డు మీద ఐదు హామీలు అచ్చువేసి పంచింది. చిన్న తరగతుల్లో 30 మందికి మించకుండా విద్యార్థులు, ఆసుపత్రుల్లో అదనంగా లక్ష మందికి చికిత్స, 25 ఏళ్లలోపు నిరుద్యోగులు రెండున్నర లక్షల మందికి పని... ఇలా ఉన్నాయి అవి. దేశాన్ని మార్చేసేంత పెద్ద హామీలు కావు. నెరవేర్చగలిగేవి, నెరవేర్చకపోతే పట్టుబడేవి. దానికి తోడు మొదటి రెండేళ్లూ కన్సర్వేటివ్‌లు వేసిన ఖర్చు పరిమితులనే పాటిస్తామని ప్రకటించింది. అంటే ప్రత్యర్థి కొలబద్దతోనే తనను కొలవమంది. ఖర్చుల మీద దూకుడుగా ఉంటారన్న పాత అనుమానం అలా తగ్గింది.

హామీల సంగతి వచ్చింది కాబట్టి ఒక విషయం చెప్పుకోవాలి. నాయకులు గెలిచాక హామీలన్నీ గాలికొదిలేస్తారన్న అభిప్రాయం ప్రపంచమంతటా ఉంది. 12 దేశాల్లో 57 ఎన్నికల ప్రచారాల్లోని 20 వేలకు పైగా హామీలను పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది వేరు. ఒకే పార్టీ ప్రభుత్వం నడిపే చోట హామీల్లో ఎక్కువ భాగం పూర్తిగానో కొంతవరకో అమలవుతున్నాయి. సంకీర్ణాల్లో ఆ నిష్పత్తి తగ్గుతుంది. తప్పిన హామీకి వచ్చినంత ప్రచారం నిలబెట్టుకున్న హామీకి రాదు కాబట్టి ఈ సంగతి చాలామందికి తెలియదు.

సమర్థత ఒక్కటే చూపించి గెలవడం కష్టమని చెప్పే ఉదాహరణలు కూడా ఉన్నాయి. 1988లో డెమోక్రటిక్ అభ్యర్థి మైకేల్ డుకాకిస్ ఈ ఎన్నిక సిద్ధాంతాల గురించి కాదు, సమర్థత గురించి అని మహాసభలోనే ప్రకటించారు. మసాచుసెట్స్ గవర్నరుగా ఆయనకు మంచి పేరుంది, ఆ వేసవిలో సర్వేల్లో చాలా ముందున్నారు. నవంబరు నాటికి 50 రాష్ట్రాల్లో 40 ప్రత్యర్థి జార్జ్ బుష్ వైపు పోయాయి. సమర్థత దేనికోసం, ఎవరి తరఫున అన్న ప్రశ్నను ఆయన ఖాళీగా వదిలేశారు. నేరాలు, దేశరక్షణ వంటి అంశాలతో ఆ ఖాళీని బుష్ ప్రచారం నింపింది. ఇటలీలో ఆర్థికవేత్త మారియో మోంటీకీ ఇలాంటి అనుభవమే ఎదురైంది. 2011 నవంబరులో అప్పుల సంక్షోభం మధ్య ఆయన ప్రధాని అయ్యారు, మార్కెట్లు కాస్త కుదుటపడ్డాయి. 2013లో ఓటు అడిగితే ఆయన కూటమికి వచ్చింది 10 శాతం చిల్లర. సంక్షోభంలో నిపుణుడు కావాలని కోరే జనం, మామూలు రోజుల్లో మనవాడేనా అని చూస్తారు.

ఇక ఓటరు సమర్థతను ఎలా పసిగడతాడు అన్నదానిపై జరిగిన ప్రయోగాలు కొంచెం కలవరపెట్టేవే. 2005లో అలెగ్జాండర్ టొడొరొవ్ బృందం అమెరికా సెనేట్‌కు పోటీచేసిన ఇద్దరిద్దరి ఫొటోలను, వారెవరో తెలియని మనుషులకు చూపించి ఎవరు సమర్థుల్లా కనిపిస్తున్నారని అడిగింది. దాదాపు 70 శాతం పోటీల్లో అలా ఎంపికైన ముఖమే గెలిచిన ముఖం కూడా. కొన్నిసార్లు ఒక్క సెకను చూపించినా ఫలితం మారలేదు. ముఖమే ఎన్నికను నిర్ణయిస్తుందని దీనర్థం కాదు, గెలిచే అవకాశమున్న చోట పార్టీలే అలాంటి అభ్యర్థులను నిలబెడుతూ ఉండొచ్చు. అయినా పోస్టర్ మీద నాయకుడు ఎలా నిలబడాలి, ఎటు చూడాలి అన్నదానిపై పార్టీలు అంత శ్రద్ధ ఎందుకు పెడతాయో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇంతకంటే లోతైన సమస్య ఒకటుంది. నిజమైన సమర్థతలో పెద్ద భాగం కంటికి కనపడదు. ఆండ్రూ హీలీ, నీల్ మల్హోత్రా 2009లో అమెరికా జిల్లాల లెక్కలు తీసి చూపిన విషయం ఇది. వరదలు, తుపాన్లు వచ్చాక సహాయం కింద డబ్బు ఖర్చుపెట్టిన ప్రభుత్వానికి ఓటర్లు ఓట్లేశారు. ముందుగానే నష్టం రాకుండా జాగ్రత్తల మీద ఖర్చుపెట్టిన ప్రభుత్వానికి ఆ ఖర్చువల్ల ఓట్లేమీ పెరగలేదు. జాగ్రత్తల మీద పెట్టిన ఒక్కో డాలరు భవిష్యత్తులో దాదాపు 15 డాలర్ల నష్టాన్ని తప్పిస్తుందని వారి అంచనా. తెగని కట్ట గురించి ప్రచారసభలో చెప్పడం కష్టం. తెగాక పడవలో వెళ్లి పరామర్శించిన ఫొటో చాలా తేలిక. ఎన్నికల్లో సమర్థతకు కొలమానం ఇలా ఉన్నంతకాలం, నిశ్శబ్దంగా పనిచేసే ప్రభుత్వానికి అన్యాయమే జరుగుతుంది. ఆ అన్యాయం భారం చివరికి పడేది తర్వాతి వరదలో మునిగేవారి మీద.

చీపురు పట్టినవాళ్లు

నిజాయతీ వాదన ఎక్కువగా బయట ఉన్నవారిది. కొత్త పార్టీకి పాలించిన చరిత్ర ఉండదు కాబట్టి మచ్చ కూడా ఉండదు. కానీ తినే అవకాశమే రాని చేతిని శుభ్రమైన చెయ్యి అని పొగడ్డంలో ఒక చిక్కుంది: అది గుణమో, అవకాశం లేకపోవడమో అధికారం వచ్చేదాకా ఎవరికీ తెలియదు.

1960లో బ్రెజిల్‌లో జానియో క్వాద్రోస్ చీపురును గుర్తుగా పెట్టుకుని అవినీతిని ఊడ్చేస్తానని అధ్యక్ష ఎన్నికల్లో ఘనంగా గెలిచారు. 1961 జనవరిలో పదవి చేపట్టి, ఏడు నెలలు తిరక్కుండానే ఆగస్టు 25న రాజీనామా చేసి వెళ్లిపోయారు. ఆయన మీద వచ్చిన ఫిర్యాదు దొంగతనం కాదు, కాంగ్రెస్‌తో కలిసి పాలన నడపలేకపోవడం. అదే దేశంలో 1989లో ఫెర్నాండో కొల్లోర్ భారీ జీతాలు లాగే ప్రభుత్వోద్యోగుల మీద విరుచుకుపడి "మహారాజుల వేటగాడు"గా పేరు తెచ్చుకున్నారు, అధ్యక్షుడయ్యారు. 1992లో ఆయన సొంత తమ్ముడే అవినీతి ఆరోపణలు చేశారు. అభిశంసన నడుస్తుండగా డిసెంబరులో రాజీనామా చేశారు. ఒకే దేశం, ఒకే రకమైన వాదన, రెండు రకాల పతనాలు. ఒకచోట నిజాయతీ వెనకాల సమర్థత లేదు, మరోచోట నిజాయతీ మీదే అనుమానం వచ్చింది.

స్లొవేకియాలో జరిగింది మరింత దగ్గరి కాలానిది. అవినీతిపై పరిశోధిస్తున్న యువ పాత్రికేయుడు యాన్ కుచియాక్, ఆయన పెళ్లాడబోయే అమ్మాయి 2018 ఫిబ్రవరిలో హత్యకు గురయ్యారు. వేలాది మంది వీధుల్లోకి వచ్చారు, ప్రధాని రాబర్ట్ ఫిజో రాజీనామా చేశారు. 2020 ఎన్నికల్లో అవినీతి వ్యతిరేకత ఒక్కటే జెండాగా ఇగోర్ మాతోవిచ్ పార్టీ 25 శాతం ఓట్లతో మొదటి స్థానంలో నిలిచింది. ప్రమాణ స్వీకారం నాటికే కోవిడ్ వచ్చిపడింది. ఓటర్లు ఆయన్ను ఎన్నుకున్నది దొంగలను పట్టుకోవడానికి, ఆయనకు ఎదురైన పనేమో ఆసుపత్రులు, టీకాలు, సరఫరాలు నడపడం. సంకీర్ణ భాగస్వాములకు చెప్పకుండా రష్యా టీకా తెప్పించిన గొడవతో 2021లో ప్రధాని పదవి వదులుకున్నారు. 2023 ఎన్నికల్లో ఫిజో పార్టీయే మళ్లీ మొదటి స్థానానికి వచ్చింది. అవినీతి కేసులు చూసే ప్రత్యేక ప్రాసిక్యూటర్ కార్యాలయాన్ని 2024 మార్చిలో ఆ ప్రభుత్వం రద్దుచేసింది. నిజాయతీ పేరుతో గెలిచినవారి చేతగానితనం వారితోనే పోలేదు. పాతవారికి దారి తెరిచింది, మధ్యలో నిలబెట్టిన వ్యవస్థ కూడా పోయింది.

నిజాయతీని సొంతం చేసుకున్న పార్టీ తప్పుచేస్తే, లేదా తప్పుచేసిందన్న ఆరోపణ వచ్చినా, అదే తప్పుకు ఇతరులకు పడే శిక్ష కంటే పెద్దది పడుతుంది. బ్రిటన్‌లో లిబరల్ డెమోక్రాట్లు 2010లో యూనివర్సిటీ ఫీజులు పెంచితే వ్యతిరేకిస్తామని సంతకాలు చేసి ఫొటోలు దిగారు. మాట తప్పే రాజకీయాలకు సెలవు చెప్పాలని ప్రచార చిత్రమూ తీశారు. సంకీర్ణంలో చేరాక ఫీజు పరిమితి 9 వేల పౌండ్లకు పెరిగింది. నాయకుడు నిక్ క్లెగ్ 2012లో బహిరంగంగా క్షమాపణ చెప్పినా లాభం లేకపోయింది. 2015లో పార్టీ 57 సీట్ల నుంచి 8కి పడిపోయింది. ఫీజుల పెంపును ముందుండి నడిపిన కన్సర్వేటివ్‌లకు ఆ ఎన్నికల్లో మెజారిటీ వచ్చింది. వారు ఆ మాట ఇవ్వలేదు కాబట్టి తప్పినట్టూ కాలేదు.

ఢిల్లీలో ఆమ్ ఆద్మీ పార్టీ ఎదుగుదల కూడా చీపురు గుర్తుతో, అవినీతి వ్యతిరేక ఉద్యమం నుంచే మొదలైంది. 2015లో 70 సీట్లలో 67 గెలిచింది. మద్యం విధానం కేసులో 2024లో అరవింద్ కేజ్రీవాల్ అరెస్టయ్యారు. ఆరోపణలను ఆయన, పార్టీ కూడా మొదటి నుంచీ ఖండించారు. బెయిల్ వచ్చాక ముఖ్యమంత్రి పదవి వదిలేసి, జనం నిజాయతీపరుడని తేల్చాకే మళ్లీ ఆ కుర్చీలో కూర్చుంటానన్నారు. 2025లో పార్టీకి వచ్చినవి 22 సీట్లు. ఓటమికి కారణాలు చాలా ఉన్నాయి, పదేళ్ల పాలన మీద సహజంగా వచ్చే విసుగూ అందులో ఉంది. అయితే నేరం రుజువు కావడంతో సంబంధం లేకుండా, ఆరోపణ ఒక్కటే ఇలాంటి పార్టీని ఇతర పార్టీల కంటే ఎక్కువ గాయపరుస్తుంది. ప్రత్యర్థులకు అది తెలుసు కాబట్టే నిజాయతీ పేరున్నవారిని కొట్టాలంటే ముందు ఆ పేరు మీదే గురిపెడతారు.

తెలిసీ వేసే ఓటు

అవినీతిపరుడని తెలిసీ జనం ఎందుకు ఓటేస్తారన్న ప్రశ్నకు ఓటరును నిందించే జవాబు చాలా తేలిక, కానీ అది సరైనది కాదు. బ్రెజిల్‌లోనే సావో పాలో నాయకుడు అధెమార్ డి బారోస్ పేరు చెప్పగానే గుర్తొచ్చే మాట "తింటాడు, కానీ పని చేస్తాడు" అని. రోడ్లు, ఆసుపత్రులు కట్టించాడన్నది మద్దతుదారుల వాదన. తినని నాయకుడు కూడా పని చేయకపోతే, ఓటరు ముందున్న ఎంపిక మంచికీ చెడుకీ మధ్య ఉండదు. తిని చేసేవాడికీ, తినో తినకో చేయనివాడికీ మధ్య ఉంటుంది. ఇద్దరూ తింటారని నమ్మే చోట సమర్థత ఒక్కటే తూకంలో మిగులుతుంది.

1991లో అమెరికాలోని లూసియానా గవర్నర్ ఎన్నికలో ఇంకో రకం బేరీజు కనిపించింది. ఒకవైపు అవినీతి ఆరోపణలు ఏళ్ల తరబడి వెంటాడిన ఎడ్విన్ ఎడ్వర్డ్స్, మరోవైపు జాతి విద్వేష సంస్థ కు క్లక్స్ క్లాన్ మాజీ నాయకుడు డేవిడ్ డ్యూక్. "ఆ దొంగకే ఓటేయండి, ఇది ముఖ్యం" అనే స్టిక్కర్లు కార్ల మీద వెలిశాయి. ఎడ్వర్డ్స్ 61 శాతంతో గెలిచారు. 2000లో ఆయన అవినీతి కేసులో దోషిగా తేలారు. అయినా ఆనాటి ఓటర్లు తప్పుచేశారని చెప్పడం కష్టం. నిజాయతీ ముఖ్యమే, కానీ అన్ని ఎన్నికల్లోనూ అన్నిటికంటే పైనుండేది అదే కాదు.

అసలు సమాచారం చేరితే ఓటు మారుతుందా? దీన్ని నేరుగా పరీక్షించే అవకాశం బ్రెజిల్ కల్పించింది. 2003 నుంచి అక్కడి కేంద్ర ప్రభుత్వం బహిరంగంగా లాటరీ తీసి కొన్ని పురపాలికలను ఎంచుకుని ఖర్చుల ఆడిట్ చేసింది. 2004 ఎన్నికలకు ముందే ఫలితాలు బయటపడిన చోట, అక్రమాలు తేలిన మేయర్లు తిరిగి గెలిచే అవకాశం తగ్గింది. స్థానిక రేడియో ఉన్న చోట ఆ ప్రభావం ఇంకా ఎక్కువ. అక్రమాలేమీ లేవని తేలిన మేయర్లకు అదే రేడియో మేలుచేసింది. ఈ రెండో సంగతే ఎక్కువ ఆశ కలిగిస్తుంది, ఎందుకంటే దొంగను ఓడించడంతోపాటు నిజాయతీపరుణ్ణి గుర్తించడమూ సాధ్యమేనని అది చూపింది.

మెక్సికోలో జరిపిన ప్రయోగం మరో కోణం చూపించింది. అక్రమాల వివరాలు ఇంటింటికీ పంచిన చోట అధికార పార్టీకి ఓట్లు తగ్గాయి, కానీ ప్రతిపక్షానికీ తగ్గాయి, పోలింగే పడిపోయింది. కొందరు విసిగిపోయి ఇంట్లోనే ఉండిపోయారు. బెనిన్, బ్రెజిల్, బుర్కినా ఫాసో, మెక్సికో, ఉగాండా దేశాల్లో ఒకే పద్ధతిలో సమన్వయంతో చేసిన ప్రయోగాల ఫలితాలు 2019లో వచ్చాయి. ఎన్నికల ముందు అభ్యర్థుల పనితీరు వివరాలు ఓటర్లకు విడివిడిగా అందిస్తే సగటున ఓటులో మార్పేమీ కనపడలేదు. బ్రెజిల్ ఆడిట్ ఎందుకు పనిచేసింది, ఇవి ఎందుకు పనిచేయలేదు? ఒక తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ఆడిట్ చేసింది ఏ పార్టీకీ చెందని వృత్తి అధికారులు, ఎంపిక లాటరీది, వార్త అందరికీ ఒకేసారి రేడియోలో వినిపించింది. ఊరంతా దాని గురించి మాట్లాడుకుంది. ఒక్కొక్కరి చేతిలో పెట్టిన కరపత్రానికి ఆ బలం రాదు.

అందరూ దొంగలే అన్న మాట వినడానికి ఘాటుగా ఉంటుంది, దానివల్ల లాభపడేది మాత్రం దొంగలే. నిజాయతీపరుడికీ కానివాడికీ తేడా లేదని ఓటరు నమ్మిన రోజున నిజాయతీగా ఉండటానికి ఎన్నికల్లో ఏ ప్రతిఫలమూ మిగలదు. తమ మీద ఆరోపణలు వచ్చినప్పుడు కొన్ని పార్టీలు వాటికి జవాబు చెప్పడం మానేసి ఎదుటివారి మీద ఇంకో పది ఆరోపణలు గుప్పించడానికి కారణం ఇదే. తాము శుభ్రమని నిరూపించుకోనక్కర్లేదు, అందరూ ఒకటేనని అనిపిస్తే చాలు.

గెలిచాక తనిఖీదారుతో ఏం చేస్తారు

మరి ప్రచారంలో వినిపించే నిజాయతీ వాదనను ఎలా అంచనా వేయాలి? వ్యక్తి గుణగణాల మీద నిలబడ్డ వాదనకు పెద్ద విలువ లేదు. నేను తిననని చెప్పడానికి ఖర్చేమీ ఉండదు. నేను తిన్నానో లేదో చూసే అధికారం ఫలానా సంస్థకు ఇస్తాను, దాన్ని తొలగించే అధికారం నాకు ఉండదు అని చెప్పడానికి ఖర్చుంటుంది. ఈ రెండో రకం హామీ ఇచ్చారా, గెలిచాక నిలబెట్టుకున్నారా అన్నదే అసలు పరీక్ష.

గ్వాటెమాలా ఈ పరీక్షను కళ్లకు కట్టింది. ఐక్యరాజ్యసమితి మద్దతుతో అక్కడ 2007 నుంచి సీఐసీఐజీ అనే దర్యాప్తు సంస్థ పనిచేసింది. కస్టమ్స్ శాఖలో లంచాల వ్యవస్థను 2015లో బయటపెట్టింది. నెలల తరబడి జనం ఆందోళన చేశారు, సెప్టెంబరులో అధ్యక్షుడు ఒట్టో పెరెస్ మోలినా రాజీనామా చేశారు. కొద్ది రోజుల్లోనే ఎన్నికలు. టీవీ హాస్యనటుడు జిమ్మీ మొరాలెస్ "అవినీతిపరుణ్ణీ కాదు, దొంగనూ కాదు" అనే నినాదంతో రంగంలోకి దిగి రెండో విడతలో 67 శాతం ఓట్లతో గెలిచారు. తర్వాత అదే సంస్థ ఆయన పార్టీ ఎన్నికల నిధుల లెక్కల వైపు చూసింది. 2017లో సంస్థ అధిపతిని దేశం నుంచి పంపేయాలని మొరాలెస్ ఆదేశించారు, రాజ్యాంగ న్యాయస్థానం అడ్డుకుంది. గడువు పొడిగించబోమని 2018లో ప్రకటించారు. 2019 సెప్టెంబరులో ఆ సంస్థ మూతపడింది. ఆయన గెలుపుకు దారి వేసింది ఏ దర్యాప్తో, ఆ దర్యాప్తు చేసినవారినే ఆయన సాగనంపారు.

హంగరీలో నిజాయతీ, సమర్థత రెండూ ఒకే ప్రసంగంలో కూలిపోయాయి. 2006 ఏప్రిల్‌లో ఫెరెన్స్ జుర్చాన్ ప్రభుత్వం తిరిగి గెలిచింది. మేలో పార్టీ అంతరంగిక సమావేశంలో ఆయన ఆర్థిక పరిస్థితి గురించి పొద్దున, రాత్రి, సాయంత్రం అబద్ధాలే చెప్పామని అన్నారు. ఆ రికార్డింగు సెప్టెంబరులో బయటికొచ్చింది, బుడాపెస్ట్ వీధుల్లో అల్లర్లు చెలరేగాయి. ఆ ఏడాది బడ్జెట్ లోటు జీడీపీలో 9 శాతం దాటింది. తర్వాత 2008 చివర్లో ప్రభుత్వ లెక్కలను స్వతంత్రంగా తనిఖీ చేసే ఆర్థిక మండలిని చట్టం ద్వారా పెట్టారు. 2010లో మూడింట రెండొంతుల మెజారిటీతో గెలిచిన ఫిదెస్ పార్టీ, ఆ ఏడాది తిరక్కుండానే ఆ మండలి సిబ్బందికి నిధులు తీసేసింది. పాతవారి అబద్ధాలను తిట్టి గెలిచినవారు, కొత్త అబద్ధాలను పట్టగల యంత్రాంగాన్ని ఉంచుకోలేదు.

కొన్ని దేశాలు ఈ తనిఖీని ఎన్నికలకు ముందుకే జరిపాయి. నెదర్లాండ్స్‌లో సీపీబీ అనే ఆర్థిక విశ్లేషణ సంస్థ 1986 నుంచి పార్టీల మేనిఫెస్టోలను తీసుకుని, ఆ హామీలకు ఎంత ఖర్చవుతుంది, ఉద్యోగాల మీద, అప్పు మీద ఏ ప్రభావం పడుతుంది అని లెక్కగట్టి ఎన్నికల ముందే ప్రచురిస్తోంది. దీనివల్ల చాలా పార్టీలు మేనిఫెస్టో రాసేటప్పుడే లెక్కలు సరిచూసుకోవడం నేర్చుకున్నాయి. అయితే ఇది స్వచ్ఛందం. 2023లో తన మేనిఫెస్టోను ఆ సంస్థకు ఇవ్వని పీవీవీ పార్టీయే 150 సీట్లలో 37 గెలిచి మొదటి స్థానంలో నిలిచింది. లెక్క చూపనందుకు నష్టం లేదని తేలితే, వచ్చేసారి లెక్క చూపే పార్టీలు ఎందుకు చూపాలన్న ప్రశ్న అక్కడ మొదలవుతుంది.

ఆస్ట్రేలియా దాన్ని పార్టీల ఇష్టానికి వదల్లేదు. 1996లో అధికారంలోకి వచ్చిన ప్రభుత్వానికి, పాత ప్రభుత్వం ఎన్నికల్లో చెప్పని పెద్ద లోటు ఎదురైంది. 1998లో చట్టం చేశారు. ఎన్నికలు జరపాలన్న అధికారిక ఉత్తర్వు వెలువడిన పది రోజుల్లో దేశ ఆర్థిక స్థితిపై నివేదిక ఇవ్వాల్సిందే. దాని మీద సంతకం చేసేది మంత్రులు కాదు, ఖజానా, ఆర్థిక శాఖల కార్యదర్శులు. 2012లో పార్లమెంటు కిందనే ఒక బడ్జెట్ కార్యాలయం ఏర్పడింది. ప్రతిపక్షాలు కూడా తమ హామీల ఖర్చును అక్కడ లెక్కగట్టించుకోవచ్చు. ఎన్నికలయ్యాక ప్రధాన పార్టీల హామీల లెక్కలన్నీ ఆ కార్యాలయం బయటపెడుతుంది. ఖజానా ఇంత ఖాళీగా ఉందని మాకు తెలియదు అనే సాకు గెలిచిన పార్టీకి దొరకదు, అంతా బాగానే ఉందని నమ్మించే వీలు ఓడిపోతున్న ప్రభుత్వానికీ ఉండదు.